పచ్చ జుట్టు నాచుకి ఎవర్ని దింపాలి? నత్తలా, పీతలా, చేపలా?

కొత్త_అల
అందరికీ నమస్కారం. నాది 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలుండే ఉప్పునీళ్ళ అక్వేరియం), మొదలుపెట్టి ఏడు నెలలైంది. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక గోబీ చేప, ఒక టార్చ్ కోరల్ (పగడం), కొన్ని జోయాలు (పువ్వుల్లా విచ్చుకునే చిన్న పగడాలు), నాలుగైదు చిన్న ఫ్రాగ్‌లు (పెంచడానికి కోసిన పగడం ముక్కలు) ఉన్నాయి. మొదటి నాలుగు నెలలు రాళ్ళు శుభ్రంగా ఉండేవి, ఇంటికి ఎవరొచ్చినా లైట్లేసి మరీ చూపించేవాణ్ణి. ఇప్పుడు ఎవరైనా అడిగినా మాట మారుస్తున్నాను. రాళ్ళ మీద అంగుళం పొడవు పచ్చ జుట్టు, ఇసక మీద గోధుమరంగు పొర, వెనక మూల రాయి మీద గాజు పూసల్లాంటి పచ్చ బుడగలు.

అమ్మేచోట అడిగితే "క్లీనింగ్ ప్యాకేజీ" తీసుకోమన్నారు. 30 హెర్మిట్ పీతలు (ఖాళీ గుల్లల్లో కాపురముండేవి), 20 నత్తలు, అన్నీ ఒకేసారి వేసెయ్యాలట. యాభై ప్రాణులు ఒక్కరోజులో అంటే టెన్షన్‌గా ఉంది. వెయ్యమంటారా?

రాతిగుల్ల
వద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

మీరు చెప్పినవి మూడు వేరు వేరు రోగాలు, మూడింటికీ ఒకే మాత్ర అమ్ముతున్నారు. జుట్టు నాచుని తినేది బుడగల నాచు ముట్టుకోదు, బుడగలు తినేదానికి ఇసక మీద పొర అక్కర్లేదు. అసలు ఆ గోధుమరంగు ఏంటో తేలకుండా నత్తలు వేస్తే కొన్నిసార్లు నత్తలే చస్తాయి. ముందు ఈ లెక్కలు చెప్పండి: నైట్రేట్, ఫాస్ఫేట్, ఉప్పు ఎంత, రోజుకి మేత ఎన్నిసార్లు, ఆవిరైపోయిన నీళ్ళకి బదులు ఏ నీళ్ళు పోస్తున్నారు, ఆ నీళ్ళ ఫిల్టర్ కాట్రిడ్జ్‌లు ఎప్పుడు మార్చారు.

కొత్త_అల
నైట్రేట్ 20, ఫాస్ఫేట్ 0.25 (రెండూ పీపీఎంలో). ఉప్పు 1.025 (స్పెసిఫిక్ గ్రావిటీ). వేడి 26 డిగ్రీలు. మేత రోజుకి రెండుసార్లు, ఫ్రోజెన్ క్యూబ్ కరిగించి ఆ నీళ్ళతో సహా పోసేస్తాను. నీళ్ళు ఆర్‌ఓ డీఐ (ఆర్‌ఓ ఫిల్టర్ తర్వాత డీఐ రెజిన్ గుండా పంపి శుద్ధి చేసినవి). కాట్రిడ్జ్‌లు... మార్చాలా?

రాతిగుల్ల
😀 దొరికింది. టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగి ఉన్నవాటిని కొలిచేది) ఒకటి తెచ్చుకోండి, డీఐ తర్వాత సున్నా చూపించాలి. డీఐ రెజిన్ అయిపోయేటప్పుడు మొట్టమొదట జారిపోయే వాటిలో సిలికేట్ ఒకటి, మీటరు సున్నా దాటకముందే కూడా జారొచ్చు. ఇసక మీద గోధుమ పొర డయాటమ్స్ (కంటికి ఆనని ఒక రకం నాచు) అయితే వాటికి కావలసింది అదే, వాటి గోడలే సిలికాతో కట్టుకుంటాయి. అంటే ఇన్నాళ్ళూ మీరు ట్యాంక్‌లో నీళ్ళతో పాటు మేత కూడా పోస్తున్నారు.

నత్తలమ్మ
డయాటమ్సే అని తేల్చేసుకోకండి, ముందు చిన్న పరీక్ష చెయ్యండి. ఆ పొరని ట్యూబ్‌తో కొంచెం పీల్చి సీసాలో పోసి గట్టిగా కుదపండి, పేపర్ టవల్ గుండా వడకట్టండి, వడిసిన నీళ్ళని లైటు కింద గంట కదపకుండా ఉంచండి. అది మళ్ళీ ఒకదాన్నొకటి పట్టుకుని తీగలుగా, ముద్దగా కట్టిందంటే డైనోఫ్లాజెలేట్స్ (డైనోలు, ఇంకో రకం సూక్ష్మజీవులు). విడివిడిగా అడుగున పడుంటే డయాటమ్స్ అనుకోవచ్చు. చిన్న మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రెండేళ్ళ క్రితం నా ట్యాంక్‌లో తెల్లారేసరికి నత్తలన్నీ ఇసక మీద వెల్లకిలా పడి ఉన్నాయి. రాత్రి ఇసక తెల్లగా మారుతోంది, మధ్యాహ్నానికి మళ్ళీ బుడగలు తగిలించుకున్న గోధుమ తీగలు. నేను డయాటమ్స్ అనుకుని "తింటాయిలే" అని ఇంకో పది నత్తల్ని వేశాను, అవీ పోయాయి. డైనోలలో కొన్ని జాతులకి విషం ఉంటుంది, తిన్న నత్త బతకదు. మీ నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువే ఉన్నాయి కాబట్టి డైనోలు అయ్యే అవకాశం తక్కువ, అవి ఎక్కువగా ఆ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లో చెలరేగుతాయి. అయినా పరీక్షకి పోయేదేముంది, ఒక గంట.

కొత్త_అల
చేశాను అక్కా. అడుగున పడుంది, ముద్ద కట్టలేదు. టీడీఎస్ మీటరు కూడా వచ్చింది. 14 చూపిస్తోంది. తిట్టకండి.

రాతిగుల్ల
తిట్టం. అందరం ఆ మెట్టు ఎక్కి వచ్చినవాళ్ళమే.

నత్తలమ్మ
సరే, ఇక నత్తల సంగతి. నాకు నత్తలంటే పిచ్చి కాబట్టి పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్ళు దాటెయ్యండి.

జుట్టు నాచుకి పేరున్నది మెక్సికన్ టర్బో. పిడికెడంత నత్త, దాని ఆకలి కూడా అంతే. అది నడిచిన దారి రాయి మీద గొరిగినట్టు కనిపిస్తుంది. కానీ గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది దాని వ్యవహారం. జిగురుతో అతికించని ఫ్రాగ్ ఒక్కటి కూడా తెల్లారికి ఉన్నచోట ఉండదు. ఇంకో విషయం, అది కాలిఫోర్నియా సింధుశాఖ నుంచి వస్తుంది, అక్కడ చలికాలంలో నీళ్ళు బాగా చల్లబడతాయి. మన 26 డిగ్రీల్లో ఏడాది పొడవునా ఉంచితే చాలావరకు ఎక్కువ కాలం బతకవు. మార్గరీటా అని ఇంకోటి అమ్ముతారు, అది ఇంకా చల్లనీళ్ళ నత్త, రీఫ్ ట్యాంక్‌కి తీసుకోనే కూడదు.

ఆస్ట్రియా అనే నత్త మంచి పనిమంతురాలే, కానీ దొర్లి ఇసక మీద పడితే తనంతట తాను తిరగలేదు. మీరు చూసి తిప్పాలి, లేదంటే పీతలకి విందు. దానికంటే ట్రోకస్ మేలు, కింద పడినా పాదం చాచి, ఒడిసి పట్టుకుని, నింపాదిగా లేచి కూర్చుంటుంది. ఒకసారి చూడండి, గమ్మత్తుగా ఉంటుంది. పైగా ట్యాంకుల్లోనే పిల్లల్ని పెడుతుంది. గాజు మీద ఆవగింజంత నత్తలు కనిపించాయంటే అవే అయుండొచ్చు, తుడిచెయ్యకండి.

సెరిత్‌లు పగలు ఇసకలో దాక్కుని రాత్రి బయటికొస్తాయి, మీ గోధుమ పొరకి అవి సరిపోతాయి. నసేరియస్‌ని నాచు తినేవి అని అమ్ముతుంటారు, అబద్ధం. అవి నాచు ముట్టవు. మిగిలిపోయిన మేత, చచ్చినవి తింటాయి. ఇసకలోంచి చిన్న తొండం ఒక్కటే బయట పెట్టుకుని ఉంటాయి, మేత వాసన తగిలితే పాతిపెట్టినవాళ్ళు లేచి వచ్చినట్టు ఇసకంతా కదులుతుంది. వాటి పని వాటిది, రెండు మూడు చాలు.

మీ 200 లీటర్లకి నా లెక్క: ట్రోకస్ 5, సెరిత్ 5, నసేరియస్ 3. నెల ఆగి, చాలకపోతే ఇంకొన్ని.

పీతలపక్షం
నత్తలమ్మ గారు పీతల గురించి ఒక్క మంచి మాట రాయరని తెలుసు కాబట్టి నేనే రాస్తాను. హెర్మిట్ పీతలు అంత చెడ్డవేం కావు. ఎర్రకాళ్ళ స్కార్లెట్ హెర్మిట్‌లు నా దగ్గర మూడేళ్ళుగా ఉన్నాయి, రాళ్ళ సందుల్లో నత్త నోరు వెళ్ళని చోట నాచు పీకి తింటాయి. ఖాళీ గుల్లలు వేర్వేరు సైజుల్లో పడేసి ఉంచితే గొడవే లేదు.

నత్తలమ్మ
మూడేళ్ళలో మీ నత్తలు ఎన్ని పోయాయో కూడా చెప్పండి.

పీతలపక్షం
...కొన్ని.

నత్తలమ్మ
చెప్పాగా. గుల్ల నచ్చితే లోపల ఉన్నదాన్ని పీకి పారేసి తాను దూరుతుంది. ఖాళీ గుల్లలు వేసినా తగ్గుతుందే గానీ ఆగదు. 30 హెర్మిట్‌లు, 20 నత్తలు అంటే ఆరు నెలల్లో 30 హెర్మిట్‌లు, 20 ఖాళీ గుల్లలు. ఆ ప్యాకేజీ లెక్క చూసినప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది.

పీతలపక్షం
సరే, హెర్మిట్‌లు వదిలేద్దాం, బుడగల సంగతి చూద్దాం. అది వలోనియా. దానికి ఎమరాల్డ్ పీత ఒక్కటి చాలు. రెండు వేస్తే చోటు కోసం కొట్టుకోవచ్చు. కరిబియన్ నుంచి వచ్చే పచ్చ పీత, గరిటెల్లాంటి డెక్కలతో బుడగని గిల్లి, చించి, నోట్లో పెట్టుకుంటుంది. ఒక్క షరతు, మీరు మేత ఎక్కువ వేస్తే అది వలోనియా వైపు చూడనే చూడదు. మాంసం దొరుకుతుంటే ఆకులు ఎవరు తింటారు? పెద్దదయ్యాక ఆకలేస్తే జోయాల్ని గిల్లొచ్చు. కంచే చేను మేసినట్టు అవుతుంది. కాబట్టి పెరిగాక ఒక కన్నేసి ఉంచండి.

రాతిగుల్ల
చిన్న మాట కలుపుతాను. బుడగల్ని ట్యాంక్‌లోనే చిదపకండి. పగిలితే విత్తనాలు చిమ్ముతాయా లేదా అనే వాదన ఇంకా నడుస్తూనే ఉంది గానీ మనకెందుకు రిస్క్. ఆ రాయిని బయటికి తీయగలిగితే తీసి, బకెట్‌లో ట్యాంక్ నీళ్ళు పోసుకుని, బుడగల్ని మొదలుతో సహా గీకండి. మిగిలిన పిసరంత పీతకి వదలండి.

నీలిరెక్క
ఇన్ని నత్తలూ పీతలూ ఎందుకండీ, ఒక ఎల్లో ట్యాంగ్ వేస్తే పోలా? రోజంతా మేస్తూనే ఉంటుంది.

రాతిగుల్ల
200 లీటర్లలో ట్యాంగ్ వద్దు. ఎల్లో ట్యాంగ్ 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అదీ రాయి చుట్టూ తిరిగే చేప కాదు, పొడుగ్గా ఈదే చేప. "చిన్నదే కదా, పెరిగాక చూద్దాం" అనేవాళ్ళు ఎప్పుడూ చూడరు. చోటు చాలక ఒత్తిడికి లోనైన ట్యాంగ్‌కి తెల్ల మచ్చల జబ్బు రావడం ఎంతసేపు?

నీలిరెక్క
ఇప్పుడు హేచరీలో పుట్టినవి చిన్న సైజులో దొరుకుతున్నాయిగా?

రాతిగుల్ల
దొరుకుతున్నాయి, మంచిదే. 2015లో హవాయిలో ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మొదటిసారి ఎల్లో ట్యాంగ్‌ని గుడ్డు నుంచి పెంచి చూపించేదాకా అన్నీ సముద్రంలో పట్టినవే. కొనేటప్పుడు నేనూ హేచరీదే అడుగుతాను. కానీ హేచరీలో పుట్టినంత మాత్రాన పెరగడం మానదు కదా బ్రో.

నీలిరెక్క
హహ, ఒప్పుకున్నా. మరి లాన్‌మోవర్ బ్లెన్నీ?

అలసిన_పంపు
బ్లెన్నీ గురించి నేను చెప్తా, ఎందుకంటే ఒకదాన్ని నేనే చంపుకున్నా.

చాలా సరదా చేప. గాజు మీద పెదాలు ఆనించి ముద్దులు పెట్టినట్టు గీకుతుంది, తర్వాత రాయి మీద మోచేతులు ఆన్చుకుని కూర్చుని కళ్ళు అటొకటి ఇటొకటి తిప్పుతూ మనల్నే చూస్తుంది. అది వచ్చిన రెండు నెలలకి నా గాజు మీద పొర లేదు. ఇంట్లో అందరికీ చూపించా. మూడో నెలలో దాని పొట్ట లోపలికి పోయింది. ముందు నుంచి చూస్తే బాగానే ఉంది, పక్క నుంచి చూస్తే కాగితం. వేసిన మేత నీళ్ళలో తేలుతుంటే చూసేది గానీ నోరు పెట్టేది కాదు, కొన్ని నేర్చుకుంటాయట, నాది నేర్చుకోలేదు. ఎండిన నోరి (సముద్రపు నాచు రేకు) రాయికి రబ్బరు బ్యాండ్‌తో కట్టి పెట్టేసరికి ఆలస్యమైంది.

నాచు తినే ప్రతి ప్రాణితోనూ ఇదే గొడవ. నాచు ఉన్నంతకాలం దానికి తిండి ఉంది, అయిపోయాక ఏం పెడతారో వేసే ముందే ఆలోచించుకోవాలి.

పీతలపక్షం
సీ హేర్ (నత్త జాతి సముద్రప్రాణి) అయితే ఇంకా ఘోరం అన్నా. అరచేతిలో పట్టేంత ముద్ద, జుట్టు నాచు ఒక్కటే దాని లోకం. నా ఫ్రెండ్ ట్యాంక్ నిండా పరుచుకున్న జుట్టుని తొమ్మిది రోజుల్లో ఊడ్చేసింది, నేను రోజూ వెళ్ళి చూశాను, వెనకాల తాడులా పేడ వేసుకుంటూ పోయేది. తర్వాత తిండి లేదు. మా గ్రూప్‌లో ఐదుగురం దాన్ని ఒకరి తర్వాత ఒకరం తీసుకెళ్ళాం, నాచు పట్టిన ఇంటికల్లా వెళ్ళొచ్చింది. చివరి ఇంట్లో పవర్‌హెడ్ (ట్యాంక్ లోపల నీళ్ళు తిప్పే పంపు) జాలీ ఊడిపోయి ఉంది, లోపలికి లాగేసింది. సీ హేర్ చిరిగితే బయటికొచ్చే ఊదారంగు సిరా, విషం చేపల మీద పడ్డాయి. ఆ రాత్రి అతను కార్బన్ వేసి, సగం నీళ్ళు మార్చి ఎలాగో గట్టెక్కాడు.

కొత్త_అల
అమ్మో. సీ హేర్ క్యాన్సిల్. సీ అర్చిన్ (ముళ్ళ బంతిలా ఉంటుందే, అది) వేస్తే ఎలా ఉంటుంది?

సంప్_సుందరం
టక్సీడో అర్చిన్ అయితే మీ ట్యాంక్‌కి సరిపోతుంది. బంతిలా ఉండి, మధ్యమధ్య నీలం పట్టీలు. నాచుతో పాటు గులాబీరంగు కోరలైన్‌ని (రాళ్ళ మీద గట్టి పొరలా పెరిగే, మనకి కావలసిన నాచు) కూడా గీకేస్తుంది, దారి పొడవునా తెల్ల చార కనిపిస్తుంది. కోరలైన్ ఎక్కువ ఉంటే బాధ లేదు, కొత్త ట్యాంక్‌లో అయితే మనసు చివుక్కుమంటుంది. ఇంకో అలవాటు, దొరికింది దొరికినట్టు నెత్తిన పెట్టుకు తిరుగుతుంది.

అర్చిన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 1983లో కరిబియన్ సముద్రంలో డయాడెమా అనే పొడుగు ముళ్ళ అర్చిన్లకి తెగులు వచ్చింది. పనామా దగ్గర మొదలై ఏడాది తిరిగేసరికి కరిబియన్ అంతా పాకింది, చాలాచోట్ల నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. జమైకాలో 1970ల చివర రీఫ్ మీద సగం దాకా ఉన్న పగడాలు 1990ల మొదటికి 5 శాతం లోపుకి పడిపోయాయి, ఆ చోటంతా నాచు ఆక్రమించింది. తుపాను దెబ్బ కూడా ఉంది. కానీ అసలు మెలిక ఏంటంటే, అక్కడ నాచు మేసే చేపల్ని మనుషులు అప్పటికే పట్టేసి ఖాళీ చేశారు, మిగిలిన భారమంతా ఆ ఒక్క అర్చిన్ మోస్తోంది. అది పోగానే మేసేవాళ్ళు లేరు. నేను ట్యాంక్‌లో ఎప్పుడూ ఒకే రకం మీద ఆధారపడకపోవడానికి కారణం ఈ కథే. ఐదు ట్రోకస్‌ల కంటే మూడు ట్రోకస్, మూడు సెరిత్, ఒక అర్చిన్ మేలంటాను.

రాతిగుల్ల
మంచి మాట. ఇప్పుడు చేదు మాట నేను చెప్తాను. వీటిలో ఏదీ మీ ట్యాంక్‌లోంచి ఫాస్ఫేట్‌ని బయటికి తీసుకుపోదు. నత్త నాచు తింటుంది, పేడ వేస్తుంది, ఆ పేడ మళ్ళీ నీళ్ళలోకే. కొంత దాని ఒంట్లో చేరుతుంది, అది చస్తే అదీ మీ నీళ్ళలోకే. బయటికి పోవాలంటే మీరు చేత్తో పీకాలి, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే యంత్రం) తియ్యాలి, నీళ్ళు మార్చాలి, లేదా సంప్‌లో (ట్యాంక్‌కి కలిపి విడిగా పెట్టే తొట్టి) కీటోమార్ఫా అనే నాచు పెంచి పిడికెడు పిడికెడు కోసి పారెయ్యాలి.

ఇంకోటి, అంగుళం పెరిగిన జుట్టుని చాలా నత్తలు తినవు, వాటికి లేత మొలకలు కావాలి. ముదిరింది మీరు పీకాలి, మళ్ళీ మొలిచింది అవి చూసుకుంటాయి. నేనైతే రాయి మీద నాచుని వేళ్ళతో పీకుతూనే ఇంకో చేత్తో సైఫన్ ట్యూబ్ పక్కనే పట్టుకుంటా, తునకలు ట్యాంకంతా ఎగరకుండా. చిన్న ఫ్రాగ్ డిస్క్‌లైతే బయటికి తీసి టూత్‌బ్రష్.

ఫాస్ఫేట్‌ని ఒక్కసారిగా కిందికి లాగకండి. 0.25 నుంచి వారంలో 0.02 చేస్తే నాచు కంటే ముందు టార్చ్ కోరల్ ముడుచుకుంటుంది. ఎలకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టు. నెలన్నర, రెండు నెలల్లో 0.1 దగ్గరికి తెస్తే చాలు. పాత రాళ్ళు పీల్చుకున్న ఫాస్ఫేట్ కొన్నాళ్ళు వదులుతూనే ఉంటుంది, టెస్ట్ నంబర్ కదలట్లేదని కంగారు పడకండి.

సంప్_సుందరం
వేసేటప్పుడు డ్రిప్ పెట్టడం మర్చిపోకండి. చేపల కంటే నత్తలకి ఉప్పు తేడా ఎక్కువ తగులుతుంది. కవర్లో నీళ్ళ ఉప్పు కొలవండి, కొన్నిచోట్ల ఖర్చు తగ్గించుకోవడానికి 1.020 దగ్గర ఉంచుతారు. నెమ్మదిగా గంట, గంటన్నర బొట్లు బొట్లుగా. ఆ కవర్ నీళ్ళు ట్యాంక్‌లో పోయకండి. రాగి మందు వాడిన ట్యాంక్ నీళ్ళయితే మీ నత్తలకి అదే ఆఖరు.

కుదిరితే చేపలు లేని చిన్న ట్యాంక్‌లో కొన్నాళ్ళు విడిగా ఉంచండి. తెల్ల మచ్చల జబ్బు పురుగు గుల్ల మీద అంటుకుని రావొచ్చు. హాబీలో 76 రోజుల లెక్క అందరి నోటా నానుతుంటుంది, అన్ని రోజులు ఓపిక ఎవరికుందో నాకైతే తెలీదు.

కొత్త_అల
(ఐదు వారాల తర్వాత) అందరికీ పెద్ద నమస్కారం. జరిగింది రాస్తాను.

డీఐ రెజిన్ మార్చాను, మీటరు సున్నా. ఇసక మీద పొర మూడో వారానికి పలచబడింది, ఇప్పుడు దాదాపు లేదు. మేత ఒక్కపూటే, క్యూబ్ కరిగిన నీళ్ళు పారబోస్తున్నా. రెండు ఆదివారాలు నడుం విరిగేలా నాచు పీకాను, రెండోసారికి ఒక జగ్గు నిండింది. ఆ తర్వాతే ట్రోకస్ 4, సెరిత్ 5, నసేరియస్ 2, ఎమరాల్డ్ ఒకటి వేశాను. 76 రోజుల ఓపిక నాకూ లేకపోయింది, దేవుడి మీద భారం.

ఒక తప్పు చేశాను. ఆస్ట్రియాలు కూడా మూడు కలిపి ఇచ్చారు, కాదనలేకపోయాను. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ట్యాంక్ దగ్గర నిలబడి వెల్లకిలా పడ్డవాటిని తిప్పడం నా డ్యూటీ అయిపోయింది. ఒకటి నేను ఊరెళ్ళినప్పుడు పోయింది.

ఎమరాల్డ్ మొదటి వారం కనిపించనే లేదు, చచ్చిందనుకున్నాను. అర్ధరాత్రి ఎర్ర టార్చ్‌లైట్ వేసి చూస్తే వెనక మూల బుడగ మీద కూర్చుని ఉంది. ఒక డెక్కతో రాయిని పట్టుకుని, ఇంకో డెక్కతో బుడగని గుంజుతోంది, అది సాగి, సాగి, టప్పున ఊడింది. పావుగంట అలాగే చీకట్లో కూర్చుని చూశాను.

ఫాస్ఫేట్ 0.16. జుట్టు పోలేదు గానీ పెరగట్లేదు.

నత్తలమ్మ
పెరగట్లేదంటే తక్కెడ మీ వైపు మొగ్గిందన్నమాట. ఇప్పుడు ఏమీ కొత్తగా వెయ్యకండి, నెల ఆగండి. ఆస్ట్రియాల విషయంలో నేను చెప్పాను, వినలేదు 😀

కొత్త_అల
(మూడు నెలల తర్వాత) ఫాస్ఫేట్ 0.09. రాళ్ళు కనిపిస్తున్నాయి, మూలల్లో కోరలైన్ గులాబీ చుక్కలు మొదలయ్యాయి. గాజు మీద ఆవగింజంత నత్తలు లెక్కపెట్టలేనన్ని, అక్క చెప్పినవేనేమో. పోయిన నెల టక్సీడో అర్చిన్‌ని తెచ్చాను, నోరి కూడా సిద్ధంగా పెట్టుకున్నాను, బ్లెన్నీ కథ గుర్తుంది.

కొత్త సమస్య. నిన్న నా నారింజ రంగు జోయా ఫ్రాగ్ కనిపించలేదు. గంట వెతికాను, పీత తినేసిందని దాన్ని తిట్టుకున్నాను. చూస్తే అర్చిన్ నెత్తిన ఉంది, జోయాలు నిక్షేపంగా విచ్చుకుని ఊరేగుతున్నాయి. దించాలా, ఉంచాలా?

సంప్_సుందరం
దించి ఈసారి జెల్ గ్లూతో అతికించండి, తడి రాయి మీద కూడా పడుతుంది. దానికి బదులుగా ఒక ఖాళీ గుల్ల పెట్టండి, లేకపోతే రేపు టార్చ్ కోరల్ కిందికి చేరుతుంది.

పీతలపక్షం
చూశారా, ఈసారి పీత తప్పు లేదు.